కార్డు కొనే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే సంగారెడ్డి, ఇస్నాపూర్, పటాన్‌చెరు మిక్సింగ్ గదుల్లో రాత్రి పగలు తేడా ఉండదు. హైవే పక్కన ఫంక్షన్ హాళ్లలో రెండు మూడు కెమెరాలతో, డ్రోన్‌తో తీసిన గంటల కొద్దీ ఫుటేజీని కూర్చి పెళ్లివారికి అప్పగించాలి. మధ్యలో ఫ్యాక్టరీల శిక్షణ వీడియోలు, రియల్ ఎస్టేట్ వెంచర్ల ప్రచార వీడియోలు వచ్చి పడతాయి. పని ఇలా పెరుగుతుంటే కంప్యూటర్ మొరాయిస్తుంది. ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారి నుంచి వినిపించే సలహా ఒకటే: గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్. కొందరికి ఇది మంచి సలహాయే. జబ్బు ఏమిటో చూడకుండా పాటిస్తే మాత్రం డబ్బు దండగ.

ఎడిటింగ్‌లో కంప్యూటర్‌కు మూడు పనులుంటాయి. కెమెరా కుదించి పెట్టిన ఫైలును విప్పి చూపించడం డీకోడింగ్. రంగులు సరిదిద్దడం, నాయిస్ తీసేయడం, టైటిళ్లు వేయడం ఎఫెక్టుల పని. పూర్తయిన వీడియోను మళ్లీ కుదించి ఫైలుగా ఇవ్వడం ఎక్స్‌పోర్ట్. ఎఫెక్టుల్లో కార్డుదే పైచేయి. మొదటి, చివరి పనులను మాత్రం కార్డులోని ప్రత్యేక భాగమైనా చేయొచ్చు, ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలో ఇస్తున్న క్విక్ సింక్ అయినా చేయొచ్చు. ఆ రెండూ కుదరనప్పుడు భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని. పెళ్లి వీడియోల వారికి బాగా అలవాటైన ఎడియస్ ఏళ్ల తరబడి ప్రాసెసర్, క్విక్ సింక్‌లనే ఎక్కువగా నమ్ముకుంది. దానికి ఖరీదైన కార్డు తగిలిస్తే పెట్టిన డబ్బుకు తగ్గ వేగం రాదు. ప్రీమియర్ ప్రోలో ఎన్విడియా, ఏఎండీ కార్డులతో వేగంగా ఎక్స్‌పోర్ట్ చేసే వీలు 2020 మే నెలలో వచ్చింది. డావిన్చీ రిజాల్వ్ మాత్రం దాదాపు అంతా కార్డు మీదే నడుస్తుంది. ఒకరికి పనికొచ్చిన కార్డు పక్క షాపువారికి పనికిరాకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం కెమెరా. 2020లో వచ్చిన కెనాన్ ఆర్6, 2021లో వచ్చిన సోనీ ఏ7 ఫోర్ లాంటివి 10 బిట్ 4:2:2 వీడియో తీస్తాయి. రంగులు సరిదిద్దుకోవడానికి అది ఎంతో వీలుగా ఉంటుంది. కానీ ఆ రకం హెచ్.265 ఫైళ్లను హార్డ్‌వేర్‌తో విప్పే సత్తా 2025లో మొదలైన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు ఎన్విడియా జీఫోర్స్ కార్డుల్లో లేదు. 4060కైనా, లక్షలు పోసి కొన్న 4090కైనా ఇదే పరిమితి. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. కాస్త చౌకగా వస్తుందని 12400ఎఫ్ లాంటి ప్రాసెసర్ తీసుకుంటే ఆ సదుపాయం ఉండదు. పేరు చివరి ఎఫ్ అక్షరానికి అర్థం లోపలి గ్రాఫిక్స్ లేదనే.

జబ్బు కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇబ్బంది పెడుతున్న క్లిప్పును టైమ్‌లైన్ మీద ప్లే చేస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ విభాగంలో జీపీయూ మీద నొక్కితే 3డి, కాపీ, వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ అని విడివిడి గ్రాఫులు కనిపిస్తాయి. సీపీయూ వందకు చేరి, వీడియో డీకోడ్ గీత సున్నా దగ్గరే ఉంటే కార్డు ఆ ఫైలును ముట్టుకోవడం లేదని అర్థం. డిస్క్ వంద చూపిస్తే ఎస్‌ఎస్‌డీ కావాలి. సెకనుకు 100 మెగాబిట్ల ఫుటేజీ గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలది ఒకేసారి చదవాలంటే పాత హార్డ్ డిస్క్ ఆయాసపడుతుంది. మెమరీ నిండిపోతే ర్యామ్ చాలడం లేదు.

డీకోడింగే సమస్య అయితే ప్రాక్సీలు చేసుకోవాలి. ప్రీమియర్, ఎడియస్, రిజాల్వ్ మూడింటిలోనూ ఆ వీలుంది. రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి తేలికైన నకళ్లు తయారవుతాయి. వాటి మీద కోతలు, కూర్పు పూర్తి చేసి, చివర్లో అసలు ఫైళ్ల నుంచే ఎక్స్‌పోర్ట్ ఇవ్వొచ్చు. నాణ్యత ఏమాత్రం తగ్గదు.

కార్డు నిజంగా అవసరమైనవారూ ఉన్నారు. రిజాల్వ్‌లో 4కే కలర్ గ్రేడింగ్ చేస్తూ జీపీయూ మెమరీ నిండిందన్న సందేశం పదే పదే చూస్తున్నవారు, నాయిస్ రిడక్షన్ రోజూ వాడేవారు వెనకాడనక్కర్లేదు. 2016 నాటి 1050 టీఐ మీద నెట్టుకొస్తున్నవారికి మరో కారణం కూడా ఉంది. ఆ తరం కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి. ఇక భద్రతా సవరణలే వస్తాయి, అవీ 2028 అక్టోబర్ దాకానే. అయితే కార్డు ధర ఒక్కటే లెక్క వేసుకుంటే చాలదు. 1050 టీఐకి బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లు సరిపోయేవి. 115 వాట్ల 4060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియాయే చెబుతోంది. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మార్చే ఖర్చు కూడా కలుపుకోవాలి.

ఇప్పుడు తొందరపాటు ఇదివరకటికన్నా ఖరీదైనది. గ్రాఫిక్స్ చిప్పులకు పెద్ద కొనుగోలుదారులు ఆటగాళ్లూ ఎడిటర్లూ కారు, ఏఐ డేటా సెంటర్లు. ఆ గిరాకీ సంగారెడ్డికి దూరమైనదేమీ కాదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ 2020లోనే ఎన్విడియాతో కలిసి ఏఐ కేంద్రం పెట్టింది. డేటా సెంటర్ల ఈ గిరాకీ వల్లే 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. కార్డు మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ తప్పదు. నాలుగు పెళ్లిళ్ల మిగులును తప్పు పరికరం మీద పెట్టిన చిన్న స్టూడియో మళ్లీ కోలుకోవడానికి వచ్చే సీజన్ దాకా ఆగాలి.

ఈ విషయంలో అమ్మేవారి బాధ్యత కూడా పెద్దదే. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనైనా, సంగారెడ్డి బజారులోనైనా, కొనేవారు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న సొంత ఫుటేజీని కౌంటర్ దగ్గరే కొత్త కార్డు మీద ప్లే చేసి చూపించాలి. మండల ఫొటోగ్రాఫర్ల సంఘాలు సీజన్‌కు ముందు ఒక పూట కూర్చుని సభ్యులకు ఈ పరీక్ష నేర్పించాలి. ఇవేవీ జరగకపోయినా, డబ్బు పెట్టేవారు తమ క్లిప్పుతో తమ సాఫ్ట్‌వేర్‌లో పరీక్షించుకున్నాకే బిల్లు కట్టాలి. పరీక్షకు ఒప్పుకోని షాపులో కొనకండి.