నవ్వించినవారే కన్నీరు పెట్టించిరి

హాస్యగాండ్రన్న మన యిండ్లలో నొక చిన్నచూపు కలదు. వారు గడియసేపు నవ్వించి పోవువారే గాని మనసును కదిలింపజాలరని మన తలంపు. మేమును కొంతకాలము క్రిందటివరకు నట్లే తలంచుచుంటిమి. సిరిసిల్లవారైన శ్రీ యెల్దండి వేణుగారి చిత్రమొకటి మా తలంపును మార్చినది.

మరమగ్గముల చప్పుడుతో తెల్లవారు ఆ పట్టణమునుండి వచ్చిన వీరు, చలనచిత్రములలో చాలకాలము చిన్న హాస్యపాత్రలే ధరించిరి. 2007లో వచ్చిన ‘మున్నా’ చిత్రమున టిల్లు వేషము వీరికి పేరు తెచ్చెను. పిమ్మట ‘జబర్దస్త్’ అను టెలివిజను కార్యక్రమమున నొక బృందమునకు నాయకులై యింటింట నవ్వులు పండించిరి. అట్టివారు 2023 మార్చి 3వ తేదీన విడుదలైన ‘బలగం’ చిత్రముతో దర్శకులైరి.

కథ మన యిండ్లలోనిదే. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఇరువది యేండ్ల క్రిందట భోజనపంక్తిలో నల్లిబొక్క దగ్గర పుట్టిన మాటపట్టింపుతో అల్లుడు అలిగిపోయెను. ఆడుబిడ్డ లక్ష్మికి పుట్టిల్లు దూరమయ్యెను. నల్లిబొక్క యెంత, ఇరువది యేండ్లెంత! విన్నవారికి నవ్వు వచ్చు నీ కలహమే, తుదకు బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మగార్ల పాటతో తోబుట్టువుల కన్నీరై కరగును.

రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. ఇచ్చట కోపమే కన్నీరైనది. అయితే ఆ కోపమెంత అల్పమో చూపుటకు హాస్యమెరిగిన కన్ను కావలెను. చావింటగూడ పంతములు మానని మనుష్యులను ద్వేషింపక, చిరునవ్వుతో చూడగలవారే వారి దుఃఖమును చెప్పగలరు. వేణుగారి వెనుకటి వేషములు వృథాపోలేదని మా యభిప్రాయము. ఈ చిత్రమునను వారు దర్జీ నర్సిగా కనిపించి నవ్వించుట మానలేదు.

ఆ యేడు పల్లెలలో తెరలు కట్టి ఊరివారందరు కలసి దీనిని చూచిరి. కోరుట్లలోని మా యింట చూచినప్పుడు మా అత్తగారు ప్రక్కనే యుండిరి. జగిత్యాలలోని తమ తమ్మునితో వారికి తొమ్మిదేండ్లుగా మాటలు లేవు. ఒక పెండ్లిలో తగిన చీర పెట్టలేదన్నదే కారణము. చిత్రము ముగిసిన పిదప వారేమియు మాటాడలేదు. మరునాటి యుదయమున మాత్రము, “జగిత్యాల బస్సు ఎన్ని గంటలకున్నది బిడ్డా?” అని యడిగిరి. ఎందులకని మేమడుగలేదు, త్రోవకు రెండు రొట్టెలు మూటగట్టి యిచ్చితిమి.

సోదరీమణులారా! పట్టింపులకు పుట్టింటి గడప మూతపడనీయకుడు. కాకి ముట్టలేదని కలిసికొనుటకంటె, పెద్దలు కన్నులార చూచుచుండగనే కలిసికొనుట మేలు గదా!