కొవ్వును సోమరితనం అనకండి

మాచర్ల, గురజాల వైపు మిరపకోతల రోజుల్లో కాస్త ఒళ్ళున్న ఆడమనిషి కూలికొస్తే మాట పడక తప్పదు. తెల్లారకముందే ఇంట్లో వండిపెట్టి, ఆటో ఎక్కి, పొద్దుగూకేదాకా సాళ్ళ మధ్య నడుం వంచి కాయ కోసి, కల్లంలో తాలుకాయలు ఏరే మనిషిని పట్టుకుని "తిని కూర్చుంటే ఒళ్ళు రాక ఏమవుద్ది?" అంటారు. ఆమె కూర్చున్నదెప్పుడు?

కొవ్వంటే ఖర్చుకాని తిండి, పడి ఉండే నిల్వ అన్న నమ్మకమే ఈ మాటకు మూలం. చదువుకున్నవాళ్ళదీ అదే మాట. అది శుద్ధ తప్పు.

గామా సిన్యూక్లీన్ అనే ప్రొటీన్ ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో మెదడు కణాల్లో ముద్దకట్టే ఆల్ఫా సిన్యూక్లీన్‌కు ఇది దగ్గరి చుట్టం. నరాల్లో పుష్కలంగా ఉంటుంది. 2008లో అదే ప్రొటీన్‌ను మనిషి కొవ్వు కణాల్లోనూ చూశారు. ఊబకాయం ఉన్నవాళ్ళలో అది ఎక్కువ. 2012లో ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు లేని ఎలుకలకు కొవ్వు దండిగా ఉన్న మేత పెట్టినా మామూలు ఎలుకల్లా బలిసిపోలేదు. వాటి ఒంట్లో కొవ్వు ఎక్కువగా కరిగి ఖర్చయింది. ఒక్క ప్రొటీన్ లేకపోతేనే ఇంత తేడా! మనుషుల్లో అంతా దీని వల్లేనని చెప్పలేం. కానీ కొవ్వు కణం ఊరికే పడి ఉండదని మాత్రం రుజువైంది. 1994లో శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టినప్పుడే, మెదడుకు "ఇక చాలు" అని కబురు పంపేది కొవ్వేనని తేలింది.

ఆ కబురు చెవికెక్కకపోతే ఏమవుతుందో మన హైదరాబాద్‌లోనే చూశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో మామూలు ఎలుకల మధ్యే ఊబకాయపు ఎలుకలు పుట్టాయి. అవి ఎక్కువ తింటాయి, నిజమే. రక్తంలో లెప్టిన్ నిండుగా ఉన్నా ఆకలి తీరదు. వాటిని పరిశోధించినవాళ్ళు జన్యువులో లోపం వెతికారు, ఎలుక గుణంలో వెతకలేదు. మనిషికి ఆ పాటి న్యాయం దక్కదా?

సాగర్ కాలువకు 1967లో నీళ్ళొచ్చాక పలనాట జొన్నకూడు పోయి వరన్నం వచ్చింది, అందుకే ఒళ్ళు పెరిగిందంటారు. తిండి మారిన మాట, దాని ప్రభావం ఉన్న మాట కాదనను. అయితే ఒకే కుండలో అన్నం తిన్న అక్కచెల్లెళ్ళలో ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఎందుకున్నారో వరన్నం చెప్పలేదు. పైగా మన దేశంలో సన్నగా కనబడేవాళ్ళకూ పొట్టలో కొవ్వు పేరుకుని షుగర్ వస్తోంది. వాళ్ళను ఎవరూ నిందించరు, పరీక్షకూ పంపరు.

నరసరావుపేటలో, మాచర్లలో వైద్యం చేసే డాక్టర్లకు నా విన్నపం: లావుగా ఉన్న మనిషి రాగానే "నోరు కట్టుకోమ్మా" అనకండి. నిద్ర ఎంతో, వాడే మందులేమిటో, ఇంట్లో ఇంకెవరికి ఈ ఒళ్ళుందో అడగండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు రాయండి. తిండి సంగతి ఆ తర్వాత మాట్లాడండి.