జపాన్ చదువు: మార్కులు వచ్చాకే అసలు చిక్కు

ఏటా జూన్‌లో ఒక ఆదివారం, నవంబరులో మరో ఆదివారం జపాన్ నగరాల్లోను, ఆసియాలోని మరికొన్ని నగరాల్లోను వేలమంది విదేశీ విద్యార్థులు ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటారు. జపాన్ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదవాలనుకునే విదేశీయుల కోసం 2002లో మొదలైన ఉమ్మడి పరీక్ష ఇది. ఈజేయూ అని పిలుస్తారు. జాసో అనే జపాన్ విద్యార్థి సేవల సంస్థ దీన్ని నడుపుతోంది. పరీక్షగా చూస్తే దీన్ని వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ లేదు. జూన్‌లో పరీక్ష రాసిన విద్యార్థి మరుసటి ఏప్రిల్‌లో తరగతి గదిలో అడుగు పెట్టేలోగా నడిచే తతంగం మాత్రం అలా లేదు. ఆ పరీక్షను ఏ ఉద్దేశంతో పెట్టారో దానికే ఆ తతంగం గండి కొడుతోంది.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. పొద్దున జపనీస్ భాషా పత్రం, 125 నిమిషాలు. మొదటి అరగంటలో, ఇచ్చిన రెండు అంశాల్లో ఒకదానిపై 400 నుంచి 500 అక్షరాల వ్యాసం రాయాలి. తర్వాత 40 నిమిషాలు పఠనం, మిగిలిన 55 నిమిషాలు శ్రవణం. ఒక్కో ప్రశ్నను ఒక్కసారే వినిపిస్తారు. ఆచార్యుడి పాఠంలో ఒక ముక్కో, ప్రాజెక్టు గురించి ఇద్దరు విద్యార్థుల సంభాషణో వినపడుతుంది. చెవి ఒక్క క్షణం పక్కకు పోయిందా, ఆ ప్రశ్న పోయినట్లే. మధ్యాహ్నం సైన్సు విద్యార్థులు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో రెండింటిని రాస్తారు. ఆర్ట్స్ వారికి జపాన్‌పైనా ప్రపంచంపైనా సాంఘికశాస్త్ర పత్రం ఉంటుంది. చివర గణితం. భాషా పత్రం కాక మిగిలిన పత్రాలు ఒక్కొక్కటి 80 నిమిషాలు, 200 మార్కులు. వాటిని ఇంగ్లిష్‌లోనూ రాయొచ్చు. 450 మార్కుల భాషా పత్రానికి మాత్రం అలాంటి వెసులుబాటు లేదు. గణితంలో చాలావరకు ఆప్షన్లలోంచి ఏరుకోవడం కుదరదు. లెక్క చేసి, వచ్చిన జవాబులోని అంకెలను ఒక్కొక్క గడిలో దిద్దాలి. తెలిసినవాడికి, ఊహించినవాడికి తేడా అక్కడే బయటపడుతుంది.

మార్కులు వేసే పద్ధతి కూడా మెచ్చుకోదగినదే. జూన్ పేపరు తేలిక, నవంబరు పేపరు కష్టం అన్న గొడవ లేకుండా, వ్యాసానికి తప్ప మిగిలిన వాటన్నిటికీ రెండు విడతల మార్కులనూ ఒకే కొలమానం మీదికి తెస్తారు. ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. సగటు ఎంతో, ఏ స్కోరు దగ్గర ఎంతమంది ఉన్నారో జాసో ప్రకటిస్తుంది.

2002కు ముందు జపాన్‌లో చదవాలనుకున్న విద్యార్థి భాషా ప్రావీణ్య పరీక్ష ఒకటి, విదేశీ విద్యార్థుల ఉమ్మడి పరీక్ష మరొకటి రాయాల్సి వచ్చేది. ఆ రెండింటి స్థానంలో ఈజేయూను తెచ్చినప్పుడు జపాన్ ప్రభుత్వం చెప్పుకొన్న లక్ష్యాల్లో ముఖ్యమైనది ఒకటుంది. విద్యార్థి తన దేశంలోనే పరీక్ష రాసి, అక్కడే సీటు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే విమానం ఎక్కాలి. మంచి ఆలోచన. అప్పు చేసి టోక్యో వెళ్లి, సీటు రాక వెనక్కి తిరిగే దుస్థితిని తప్పించే ఆలోచన. రెండు దశాబ్దాలు దాటినా అది కొద్దిమందికే అందుతోంది. జాతీయ విశ్వవిద్యాలయాల్లో దాదాపు అన్నీ ఈజేయూ స్కోరు అడుగుతాయి. ఆ స్కోరు చూసి, అభ్యర్థిని జపాన్‌కు రప్పించకుండానే సీటు ఇచ్చేవి మాత్రం చాలా తక్కువ.

మన తల్లిదండ్రులు ఇక్కడే పొరబడే ప్రమాదం ఉంది. ఎప్‌సెట్ అయితే ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్ ఉంటుంది, వెబ్ ఆప్షన్లు పెడితే ర్యాంకును బట్టి సీటు వస్తుంది. ఏ ర్యాంకుకు ఏ కాలేజీలో ఏ బ్రాంచి వచ్చిందో నిరుటి జాబితా చూస్తే తెలిసిపోతుంది. ఈజేయూలో ర్యాంకు లేదు, కౌన్సెలింగ్ లేదు, ఉమ్మడి కటాఫ్ లేదు. విద్యార్థి ఒక్కో విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి, విడిగా రుసుం కట్టాలి. ఆ విశ్వవిద్యాలయం అభ్యర్థి పరీక్ష నంబరుతో జాసో నుంచి స్కోరు తెప్పించుకుంటుంది. తర్వాత తన సొంత పరీక్ష, చిన్న వ్యాసం, ఇంటర్వ్యూ పెడుతుంది. చాలాచోట్ల టోఫెల్ కూడా అడుగుతారు. ఒకచోట జూన్ స్కోరే చెల్లుతుంది, మరోచోట రెండూ చెల్లుతాయి. ఇక ఇంటర్వ్యూకు ఎంత విలువ, స్కోరుకు ఎంత విలువ అన్నది చాలా విశ్వవిద్యాలయాలు బయటపెట్టవు.

కాలెండరు ముందు పెట్టుకుంటే చిక్కు ఎక్కడుందో తేలిగ్గా అర్థమవుతుంది. నవంబరు పరీక్ష ఫలితాలు డిసెంబరు చివర్లో వస్తాయి. జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ వాటికి జనవరి ప్రాంతంలో దరఖాస్తు, ఫిబ్రవరి చివర్లో సొంత పరీక్ష, మార్చిలో ఫలితం. ఏప్రిల్ మొదట్లో తరగతులు. విదేశంలో ఉన్న విద్యార్థికి విద్యార్థి హోదా కావాలంటే ముందు జపాన్ ఇమిగ్రేషన్ అధికారులు అర్హతా పత్రం ఇవ్వాలి. దానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఆ పత్రం చేతికొచ్చాక రాయబార కార్యాలయంలో వీసా. మార్చిలో ఫలితం వచ్చిన విద్యార్థి ఏప్రిల్ మొదటి వారానికి ఎలా చేరుకోగలడు? అప్పటికే విద్యార్థి హోదాతో జపాన్‌లో ఉన్నవారికే ఈ కాలెండరు సరిపోతుంది. ఎవరు వాళ్లు? భాషా పాఠశాలల్లో చేరినవాళ్లు.

ఎక్కడా రాసి ఉండకపోయినా, జపాన్ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ముందు ఏడాదో, ఏడాదిన్నరో, రెండేళ్లో జపాన్‌లోని భాషా పాఠశాలలో గడపాలన్న నిబంధన ఇలా తయారైంది. ఆ చదువుకు ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్ల దాకా ఫీజు, ఆపైన టోక్యోలో గది అద్దె, తిండి. విద్యార్థి హోదాలో ఉన్నవారు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలే పని చేయొచ్చు. రాత్రి దుకాణంలో పనిచేసి పొద్దున తరగతికి రావాలి. హాజరు తగ్గితే వీసా పొడిగింపుకే ముప్పు. భాషా పాఠశాలలో ఉండే గడువు రెండేళ్లు. ఆలోగా సీటు రాకపోతే వృత్తి విద్యా కళాశాలలో చేరాలి, లేదంటే ఇంటిదారి పట్టాలి. ఉమ్మడి పరీక్ష తప్పిస్తానన్న భారం చివరికి ఆ పరీక్ష రాసేవాళ్ల నెత్తినే పడింది.

ఈ భారాన్ని అందరూ ఒకేలా మోయరు. చైనా ప్రధాన భూభాగంలో ఈజేయూకు కేంద్రమే లేదు. జపాన్‌కు అత్యధికంగా విద్యార్థులను పంపే దేశం అదే. అయినా చైనా విద్యార్థులకు కంజీ అక్షరాలు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైగా టోక్యోలోని తకదనోబాబా ప్రాంతంలో వారి కోసమే నడిచే కోచింగ్ కేంద్రాలున్నాయి. ఏ విశ్వవిద్యాలయంలో ఏ ఆచార్యుడు ఇంటర్వ్యూలో ఏం అడుగుతాడో, నిరుడు ఏ స్కోరుకు పిలుపు వచ్చిందో అక్కడ చెబుతారు. విశ్వవిద్యాలయాలు చెప్పని సమాచారం ఆ విధంగా డబ్బు పెట్టి కొనుక్కునే సరుకైంది. ఖాట్మండు నుంచో, హనోయ్ నుంచో ఏజెంటుకు అప్పు చేసి కట్టి వచ్చిన విద్యార్థికి ఆ సరుకు కొనే స్తోమత ఉండదు. ఒకే కొలమానం మీద అందరినీ తూచిన పరీక్ష ముగియగానే ఎవరి జేబులో ఎంతుందన్నది మళ్లీ లెక్కలోకి వస్తోంది. అందుకే ఈ వ్యవస్థ నన్ను కలవరపెడుతోంది.

డబ్బు విషయంలో ఇంకో మెలిక ఉంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫలితాలు ముందుగా వస్తాయి. సీటు నిలుపుకోవాలంటే రెండు మూడు వారాల్లో ప్రవేశ రుసుం కట్టాలి. అది చాలాచోట్ల రెండు నుంచి మూడు లక్షల యెన్లు, అంటే మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే. మార్చిలో జాతీయ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే ఆ డబ్బు తిరిగి రాదు. అక్కడ మళ్లీ 2,82,000 యెన్ల ప్రవేశ రుసుం కట్టాలి. ఈ వ్యవహారం 2006లో జపాన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మార్చి 31లోగా సీటు వదులుకుంటే ట్యూషన్ ఫీజు వెనక్కి ఇవ్వాలని, ప్రవేశ రుసుం మాత్రం ఇవ్వక్కర్లేదని కోర్టు తేల్చింది. ఈ ఇబ్బంది జపాన్ పిల్లలకూ ఉన్నదే. కానీ భాషా పాఠశాలలో గడువు ముగుస్తున్న విదేశీ విద్యార్థికి చేతిలో ఉన్న సీటును వదులుకునే ధైర్యం ఉండదు. సీటు లేకపోతే దేశంలో ఉండే హక్కే పోతుంది కాబట్టి, అతను కట్టి తీరాలి.

దీనికి విశ్వవిద్యాలయాలు చెప్పే సమాధానంలో నిజం లేకపోలేదు. ఈజేయూలో మాట్లాడే పరీక్ష లేదు. వ్యాసానికి 450లో 50 మార్కులే. నాలుగేళ్లు జపనీస్‌లో పాఠాలు వినాల్సిన విద్యార్థి నోరు విప్పి మాట్లాడగలడో లేదో చూడాలనుకోవడంలో తప్పు లేదు. అందుకు అతన్ని ఫిబ్రవరిలో జపాన్‌కు రప్పించాల్సిన అవసరం లేదన్నదే నా వాదన. కొవిడ్ వచ్చినప్పుడు 2020 జూన్ ఈజేయూ పూర్తిగా రద్దయింది. సరిహద్దులు మూసుకుపోయి, 2022 ఆరంభం నాటికి అర్హతా పత్రాలు చేతపట్టుకుని దాదాపు లక్షన్నర మంది విద్యార్థులు తమ దేశాల్లోనే ఎదురుచూశారు. అలాంటి రోజుల్లో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూలు చేశాయి, చేయగలిగాయి. అప్పుడు కుదిరినది ఇప్పుడు కుదరదనడానికి కారణం కనిపించదు.

పైగా ఈ విద్యార్థులు జపాన్‌కు అవసరం. అక్కడ 18 ఏళ్ల యువత 1992లో 20 లక్షలు దాటింది, ఇప్పుడు దాదాపు సగానికి పడిపోయింది. 2024లో 59 శాతం ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ సీట్లన్నీ నింపుకోలేకపోయాయి. 2033 నాటికి 4 లక్షల విదేశీ విద్యార్థులు ఉండాలని ప్రభుత్వం 2023లో లక్ష్యం పెట్టుకుంది. 2024 మే నాటికే 3,36,708 మంది ఉన్నారు. సంఖ్య కోసం పడుతున్న తాపత్రయం వాళ్లు వచ్చే దారిని బాగుచేయడంలో కనిపించడం లేదు. దానికి తోడు, విదేశీ విద్యార్థుల ఫీజులపై పరిమితిని జాతీయ విశ్వవిద్యాలయాలకు 2024లో ఎత్తేశారు. తొహోకు విశ్వవిద్యాలయం 2027 నుంచి కొత్తగా చేరే విదేశీ డిగ్రీ విద్యార్థుల వార్షిక ఫీజును 5,35,800 యెన్ల నుంచి 9 లక్షలకు పెంచుతామని ప్రకటించింది. ఎక్కువ డబ్బు తీసుకునేటప్పుడు ప్రవేశ పద్ధతిని పారదర్శకంగా ఉంచడం కనీస బాధ్యత.

మన రాష్ట్రాల నుంచి జపాన్ వెళ్లేవారిలో ఎక్కువమంది పీజీ చదువులకో, ఉద్యోగాలకో, ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులకో వెళ్తారు. ఈజేయూ దారి పట్టేవారు తక్కువ. కానీ ఎంపీసీ చదివిన పిల్లలకు ఈ పరీక్షలోని గణితం, భౌతికశాస్త్రం కొత్తవి కావు. కలనం, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత అన్నీ ఇంటర్‌లో చదివినవే. అడ్డం వచ్చేది భాష ఒక్కటే. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి తొమ్మిదింటి దాకా నడిచే కార్పొరేట్ కాలేజీ దినచర్యలో రోజుకు గంట జపనీస్‌కు కేటాయించడం ఎంత కష్టమో ఆ పిల్లలకే తెలుసు. అయినా ఈ దారి పట్టాలనుకునే కుటుంబం ఇంటర్ మొదటి ఏడాదిలోనే నిర్ణయం తీసుకోవాలి. రెండో ఏడాది పూర్తయ్యాక జూన్‌లో న్యూఢిల్లీ కేంద్రంలో పరీక్ష రాయాలి. జూలై చివర్లో స్కోరు వస్తుంది. జపాన్‌కు వెళ్లకుండానే సీటు ఇచ్చే విశ్వవిద్యాలయాలకు ముందుగా దరఖాస్తు చేయాలి. జూన్ స్కోరుతో అయితే అర్హతా పత్రానికి, వీసాకు సమయం సరిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ బీటెక్ సీటు చేతికొస్తుంది. ఏప్రిల్ దాకా ఖాళీగా కూర్చోబెట్టడానికి తల్లిదండ్రులకు మనసొప్పదు. బీటెక్‌లో చేర్చితే ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ చేతిలోకి పోతాయి. మధ్యలో మానేసి అవి వెనక్కి తెచ్చుకోవడం ఎంత తలనొప్పో మనకు తెలియంది కాదు. జపాన్ ఖాయమనుకుంటే ఆ ఏడాదిని భాషకే ఇవ్వడం మేలు. మరో మాట. ఈజేయూలో మంచి స్కోరు తెచ్చుకుని, డిగ్రీలో చేరే సొంత ఖర్చు విద్యార్థులకు నెలకు 48,000 యెన్ల ఉపకార వేతనాన్ని ముందుగానే కేటాయించే పథకం ఉంది. పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడే దాన్ని కోరుకుంటున్నట్లు తెలపాలి. అప్పుడు వదిలేస్తే స్కోరు ఎంత బాగా వచ్చినా ఆ తర్వాత అడగడానికి వీలుండదు.

జపాన్ వైపు నుంచి చేయాల్సినవి పెద్ద సంస్కరణలేమీ కావు. జూన్ స్కోరు మీద విదేశాల్లోని అభ్యర్థులకు డిసెంబరులోగా నిర్ణయం చెప్పడం, ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో పెట్టడం, నిరుడు సీటు పొందినవారి స్కోర్ల శ్రేణిని ప్రకటించడం, విదేశీ విద్యార్థుల ప్రవేశ రుసుం గడువును జాతీయ విశ్వవిద్యాలయాల ఫలితాల తర్వాతకు జరపడం. వీటిలో వేటికీ కొత్త చట్టం అక్కర్లేదు. నవంబరు స్కోరు మీద వచ్చేవారికి అక్టోబరు ప్రవేశం ఇవ్వడం ఇంకో మార్గం. ఇంగ్లిష్ మాధ్యమ కోర్సుల్లో చాలాచోట్ల అది ఇప్పటికే ఉంది. విశ్వవిద్యాలయం మొత్తాన్నీ శరదృతువు ప్రవేశానికి మార్చాలని టోక్యో విశ్వవిద్యాలయం 2012లో తలపెట్టి మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. 2020లో షింజో అబే ప్రభుత్వం సెప్టెంబరు విద్యా సంవత్సరం ఆలోచన చేసి వదిలేసింది. ఆ రెండుసార్లూ జపాన్ పిల్లల ఉద్యోగ నియామకాలు, పాఠశాలల కాలెండరు అడ్డొచ్చాయి. విదేశీ విద్యార్థులకు కేటాయించిన కొద్ది సీట్లకు అక్టోబరు ప్రవేశం పెడితే పాఠశాలల కాలెండరును కదపాల్సిన పనే ఉండదు. అర్హతా పత్రానికి, వీసాకు ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. అప్పుడు మార్చిలో సీటొచ్చిన విద్యార్థి తన ఊళ్లోనే ఉండి ప్రయాణానికి సిద్ధం కావచ్చు.