తీరవిహారానికి ముందు తీరానికి తోవ



సెలవులు సమీపించినప్పుడల్లా పత్రికల అనుబంధాలలో ఒక తరహా వ్యాసాలు తప్పక కనిపిస్తుంటాయి. ఫ్రాన్సు దక్షిణతీరంలో అయిదు రోజులు, స్పెయిను ఎండలో ఒక వారం, ఇటలీ కొండచరియల మీది పల్లెలలో మూడు పగళ్ళు అని వాటికి శీర్షికలు. నీలిజలాలు, తెల్లని ఇళ్ళు, గొడుగు క్రింద శయనించిన యాత్రికుడు వాటికి చిత్రాలు. మన నెల్లూరివారు కూడా ఇప్పుడు ఆ తీరాలకు వెళ్ళివస్తున్నారు. సంతోషమే. దేశాటనం విద్యలో భాగమని మన పెద్దలు ఎన్నడో ఒప్పుకున్నారు. ఐతే ఆ చిత్రాలు చూసి, "మనకూ సముద్రం ఉన్నది కదా, దీనినీ అట్లా తీర్చిదిద్దితే ఎంత బాగుండును!" అని నిట్టూర్చే వారికి ఒక మాట చెప్పవలెనని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

ఆ తీరాలనుండి మనం నేర్వదగినది ఉన్నది. అది హోటలు కాదు, గొడుగు కాదు. సామాన్యుడు సముద్రందాకా నడచిపోయే తోవ, ఆ తోవను ఎవరూ మూయరాదనే చట్టం. మన పాలకులు, మన పెట్టుబడిదారులు, మన యాత్రికులు అనుకరించదలచుకుంటే ముందుగా అనుకరించవలసినది దీనినే.

మిగిలినవి అనుకరణకు లొంగవు. ఎండ సంగతే తీసుకుందాం. ఉత్తర ఐరోపాలో శీతకాలమంతా సూర్యదర్శనానికి మొహంవాచిన వారికి దక్షిణతీరపు ఎండ ఒక వరం. అందుచేత వారు పట్టపగలు ఇసుకలో పడుకుంటారు. అక్కడి విహారమంతా ఆ కోరిక చుట్టూ అల్లుకున్నది. మే నెల నెల్లూరు ఎండ ఎరిగిన మనకు ఆ కోరిక ఎట్లా పుడుతుంది? మనకు కావలసినది గాలి. పైగా మన తూర్పుతీరానికి ప్రకృతి ఇచ్చిన సొత్తు వేరు. సూర్యుడు సముద్రంలోనుండి ఉదయిస్తాడు. పున్నమినాడు చంద్రుడూ అక్కడినుండే పైకి వస్తాడు. కాబట్టి మన తీరవిహారం తెల్లవారకముందే మొదలై తొమ్మిది గంటలకు ముగియాలి. తిరిగి సాయంత్రం నాలుగు దాటాక మొదలై వెన్నెలలో ముగియాలి. నడిమి పగలు ఊళ్ళకు, గుళ్ళకు, భోజనానికి, కునుకుకు. కార్తీకపూర్ణిమకు మైపాడులో సముద్రస్నానం చేసే జనం ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే ఎరుగుదురు.

కాలం కూడా మనదే వేరు. నెల్లూరు సీమకు ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనాలవి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలూ తుపానులూ. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం; ఆ రోజులలో పల్లెకు వచ్చినవారికి ఒడ్డున లాగిపెట్టిన పడవలే దర్శనమిస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం. మూడు రోజులు చేతిలో ఉంటే చాలును.

మొదటి రోజు నెల్లూరు. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుని దర్శించి, ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడుకు పోవచ్చును. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఆ గ్రామంలో పెన్న గట్టునే ఉన్నది. సాయంకాలానికి మైపాడు చేరితే చంద్రోదయం అందుతుంది.

రెండవ రోజు మా ముత్తుకూరు, కృష్ణపట్నం. కండలేరు సముద్రంలో కలిసే చోట వెలసిన పాతరేవు కృష్ణపట్నం. ప్రాచీన శాసనాలలో దీనికి కొల్లిత్తురై అనీ గండగోపాలపట్టణం అనీ పేర్లు. గండగోపాల బిరుదం నెల్లూరును ఏలిన తెలుగుచోళులది. ఇక్కడి దృశ్యాలలో నాకు ఎక్కువ ఇష్టమైనది బకింగ్‌హాం కాలువ. 1806లో చెన్నపట్టణం వద్ద మొదలైన తవ్వకం అంచెలంచెలుగా సాగి, ధాత కరువు రోజులలో, అంటే 1877-78లో, ఆకలిగొన్న కూలీల చేతులమీదుగా పొడవు పెరిగింది. పెదగంజాం మొదలు తమిళదేశంలోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు సముద్రానికి సమాంతరంగా సాగిన జలమార్గం ఇది. ఉప్పు, సరుగుడు కట్టెలు పడవలమీద చెన్నపట్టణానికి పోయిన దారి ఇదే. ఇటువంటి కాలువ ఇటలీలో ఉంటే దాని గట్టుమీద నడిచేందుకు ప్రపంచం నలుమూలలనుండి జనం వచ్చేవారు.

మూడవ రోజు దక్షిణానికి. వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు స్థావరం వేసుకున్నారు. వారు దానిని ఆర్మగాం అని వ్యవహరించేవారు. ఇక్కడ వ్యాపారం సాగక దక్షిణానికి చోటు వెదుక్కుంటూ పోయి, 1639లో పొందిన నేలమీద కట్టినదే చెన్నపట్టణపు కోట. ఒక మహానగరం పుట్టుకకు మన ఇసుకతిప్ప నాంది అని ఎందరికి తెలుసు? అక్కడినుండి పులికాటు సరస్సు. చిలుక తరువాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 2022లో జరిగిన జిల్లాల విభజనలో సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది కాని, కొంగలకు జిల్లాల లెక్క లేదు. శ్రీహరికోట రోడ్డుకు ఇరువైపులా నీటిలో నిలిచిన రాజహంసల బారులు చలికాలంలో చూడదగినవి. 1976లో పక్షిరక్షణకేంద్రంగా ప్రకటించిన నేలపట్టులో చెట్లకొమ్మలమీద గూడబాతులు పిల్లలను సాకుతుంటాయి.

భోజనానికి మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు ఉండనే ఉన్నది. ఇంత సామగ్రి ఉన్న తీరానికి వర్ణచిత్రాల ప్రచారం అవసరమా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణంనుండి బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, కాశీయాత్రచరిత్ర మనకు మిగిల్చారు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉన్నది, దారి ఇసుకా రేగడా అన్న వివరాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. యాత్రికునికి కావలసినది ఏమిటో ఆయన ఎరుగును. దారి, నీరు, నీడ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫ్రాన్సులో 1976 డిసెంబరు 31నాటి చట్టం సముద్రపు అంచు వెంబడి ఉన్న ప్రైవేటు భూములమీద మూడు మీటర్ల వెడల్పున పాదచారులకు నడకహక్కు కల్పించింది. యజమాని ఎంతటివాడైనా ఆ అంచున నడిచేవానిని ఆపరాదు. 1986 నాటి మరొక చట్టం, ఊళ్ళకు వెలుపల తీరంనుండి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలను నిషేధించింది. స్పెయినులో 1988 నాటి తీరచట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. పట్టణప్రాంతాలలో సముద్రానికి పోయే కాలిబాటలు ఒకదానికొకటి 200 మీటర్లకు మించిన దూరంలో ఉండరాదని, బండ్లబాటలు 500 మీటర్లకు మించరాదని లెక్కకట్టి మరీ చెప్పింది. ఇటలీలో చింక్వె తెర్రె అనే అయిదు పల్లెల ప్రసిద్ధి అంతా ఒక పల్లెనుండి ఇంకొక పల్లెకు పోయే కాలిబాటలదే. వాటిలో ఒక కిలోమీటరైనా లేని ఒక బాట 2012లో కొండరాళ్ళు పడి మూతపడితే, దానిని బాగుచేసి 2024లో తిరిగి తెరిచిన వార్త అంతర్జాతీయ పత్రికలలో వచ్చింది. ఒక కాలిబాటకు అంత విలువ.

అక్కడ అంతా బాగున్నదని నేననను. స్పెయిను తీరంలో చేపల పల్లెలు మేడల అడవులైనాయి. 2024 జూలైలో బార్సిలోనా వీధులలో స్థానికులు యాత్రికులమీద నీళ్ళ తుపాకులతో నీళ్ళు చిమ్మి నిరసన తెలిపారు. అతిథులు ఎక్కువై ఇంటివారికి చోటు లేకపోతే అంతే జరుగుతుంది. తోవ ఉంచుకోవడమూ, ఊరు అమ్ముకోవడమూ వేరువేరు. మనం మొదటిదానిని నేర్చుకొని రెండవదానిని వదిలివేయవలె.

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. 1991లో వచ్చిన తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలో విహారవిడిదుల గూర్చి ఒక నియమం ఉన్నది. జనం సముద్రానికి పోయేందుకు వీలుగా రెండు విడిదుల నడుమ కనీసం 20 మీటర్ల ఖాళీ వదలవలెనని. మంచి నియమం. కాని మా తీరంలో సముద్రానికీ ఊరికీ నడుమ నిలిచినవి విడిదులు కావు. 1990ల నుండి రొయ్యలగుంటలు వచ్చాయి. తీరమండలంలోని రొయ్యలసాగు గూర్చి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పవలసి వచ్చినంతగా అవి పెరిగాయి. 2008లో కృష్ణపట్నంలో కొత్త రేవు తెరుచుకున్నది. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడింటితో థర్మల్ విద్యుత్కేంద్రం నిలిచింది. వంటనూనె శుద్ధిచేసే కర్మాగారాలు వచ్చాయి. వీటివలన ఉద్యోగాలు వచ్చాయి, రోడ్లు పడ్డాయి, కాదనను. రేవుకు ప్రహరీ తప్పదు. విద్యుత్కేంద్రంలోకి పిల్లలను విహారయాత్రకు వదలమని ఎవరూ అడగరు. నేను అడిగేది ప్రహరీకీ ప్రహరీకీ నడుమ మిగిలిన తోవల గూర్చి.

ఆ తోవలకు మన భాషలో ఏనాటినుండో ఒక పేరున్నది: డొంక. ఊరినుండి పొలానికో, చెరువుకో, ఏటికో, సముద్రానికో పోయే బండిబాట. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, గ్రామపటంలో గీత గీసి ఉంచిన ఉమ్మడి హక్కు. ఐరోపావారు 1976లో, 1988లో చట్టం చేసి తెచ్చుకున్నది మన పల్లెటూళ్ళలో డొంక పేరుతో ముందే ఉన్నది. చిక్కు ఏమిటంటే డొంకకు కాపలావాడు లేడు. ఇరువైపులవారు జానెడు జానెడు కలుపుకుంటూ వస్తే, ఒకనాటికి పటంలో గీత ఉంటుంది, నేలమీద తోవ ఉండదు.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలై దఫదఫాలుగా సాగుతున్న భూముల పునఃసర్వేను అందుకే నేను విహారయాత్రల విషయంగా కూడా చూస్తున్నాను. కొత్త పటంలో సముద్రానికి పోయే ప్రతి డొంకా దాని పూర్తి వెడల్పుతో ఎక్కవలె. సర్వేవారు ఊరికి వచ్చిననాడు ఎవరి చేను వారు చూసుకోవడానికి అందరూ వస్తారు. డొంక తరఫున ఎవరు వస్తారు? గ్రామసభలో ఆ ప్రశ్న వేయవలసినవాళ్ళం మనమే. ఈసారి ఎక్కకపోతే, ఇక ఎన్ని తరాలు ఆగవలెనో.

తోవ అంటే యాత్రికుని సుఖం కొరకు మాత్రమే అనుకోరాదు. పట్టపుపాళెంలోని ఆడవారు చేపలగంపతో వచ్చేది ఆ దారినే. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి పల్లె అంతా మెరకకు చేరుకునేది ఆ దారినే. 2004 డిసెంబరు 26నాటి సునామీ తరువాత ఆ దారి విలువ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఊరివారి ప్రాణానికి పనికివచ్చే దారియే అతిథికీ దారి కావడం న్యాయం. అతిథి కొరకు విడిగా వేసిన నున్నని రోడ్డు విడిది ద్వారం దగ్గర ఆగిపోతుంది.

"తోవ ఇస్తే చెత్త వేస్తారు, తాగి అల్లరి చేస్తారు" అని కొందరి ఆక్షేపణ. అది నిజమే; చూస్తున్నాము. ఐతే దానికి మందు తోవ మూయడం కాదు, ఇంటివారికి అధికారం ఇవ్వడం. నెల్లూరు తీరపు పట్టపువారి పల్లెలలో దురాయి అనే కట్టుబాటు ఉన్నది. పెద్దలు దురాయి వేస్తే ఊరు ఊరంతా కట్టుబడుతుంది. జనవరినుండి మార్చివరకు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే సముద్రపు తాబేళ్ళ జోలికి పోరాదని, రాత్రి వెలుతురు వేయరాదని, ప్రమాదపు చోట నీటిలో దిగరాదని ఆ పెద్దలే అతిథికి చెప్పవలె. బీటలువారిన పలకమీద సర్కారువారి హెచ్చరికకంటె, ఈ సముద్రంలో పుట్టి పెరిగినవాని మాట ఎక్కువ పనిచేస్తుంది. పూటకూటి భోజనం, పడవమీద కండలేటి విహారం, కాలువ గట్టు నడకకు తోడు రావడం – వీటి ఆదాయం కూడా ఆ ఇళ్ళకే చేరవలె.

పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తున్నట్లు 2024లో రాష్ట్రప్రభుత్వం ప్రకటించింది. పరిశ్రమ అనగానే స్థలం, రాయితీ, ప్రహరీ వెంటవస్తాయి. ఇప్పటికే ఉన్న ప్రహరీల నడుమ ఇంకొక ప్రహరీ లేచి, దానిలోపల పడకకుర్చీలు వేసి, దానిని తీరవిహారమంటే, ముత్తుకూరు బడిపిల్లవానికి సముద్రం బొమ్మలోనే మిగులుతుంది. ఆరు మీటర్ల డొంక, దానికిరువైపులా చెట్ల నీడ, చివర ఒక మంచినీటి కుళాయి, ఊరిపేరు వ్రాసిన ఒక రాయి – ప్రతి తీరగ్రామానికీ ఇంతమాత్రం చేసిపెడితే చాలును.

ఈ జనవరిలో వచ్చేవారు రండి. వచ్చినప్పుడు ఒక పని చేయండి. ఏ ఊరిలో దిగినా, సముద్రానికి డొంక ఎటని ఆ ఊరివారిని అడగండి. అడిగేవారు ఉన్నంతకాలం ఆ తోవను మూయడానికి ఎవరికైనా కొంచెం జంకు ఉంటుంది.