బాకీదారులు రాసిన చరిత్ర

కేంబ్రిడ్జి పేరు వినగానే మనలో చాలామంది కళ్ళు అరమోడ్పులవుతాయి. కట్టమంచి రామలింగారెడ్డిగారు చదివిన చోటు. న్యూటన్, డార్విన్ తిరిగిన నేల. కామ్ నది, పడవలు, పచ్చికబయళ్ళు, నల్లని గౌన్లు. ఈ సుందరదృశ్యంలో ఒక్కడు మాత్రం ఎప్పుడూ దుష్టపాత్రే. అతడు ఆ ఊరి దుకాణదారుడు. పందొమ్మిదవ శతాబ్దపు విద్యార్థి జీవితాన్ని వర్ణించిన నవలల్లోనూ, జ్ఞాపకాల్లోనూ కథ తరచూ ఒక్కటే. ఇల్లు వదిలి వచ్చిన అమాయకపు కుర్రవాడు. వాడి చుట్టూ మూగిన దర్జీలు, మద్యం వర్తకులు, గుర్రాలు అద్దెకిచ్చేవారు. "డబ్బుకేం తొందర బాబూ, తరువాత చూసుకుందాం" అంటూ అరువు అంటగట్టడం. చివరికి తండ్రి ఆస్తికి చిల్లు. తప్పెవరిది? అరువిచ్చినవాడిదట!

ఈ కథను నేను నమ్మను. ఇది బాకీదారులు తమ బాకీ తీర్చకపోగా, ఆ నిందను కూడా అప్పిచ్చినవాడి ఖాతాలోనే రాసి పెట్టిన చరిత్ర. బాకీపడ్డవాడు చదువుకున్నవాడు, నవల రాయగలడు, వృద్ధాప్యంలో తన కుర్రతనాన్ని తలచుకుని ముచ్చటగా నాలుగు పుటలు నింపగలడు. అప్పిచ్చినవాడు పద్దుపుస్తకం తప్ప మరొకటి రాయలేదు. నవలలు అచ్చయ్యాయి, పద్దుపుస్తకాలు చెదలపాలయ్యాయి. మనం చదివింది ఒక పక్షం వాదన మాత్రమే.

థాకరేనే చూడండి. 1829లో ట్రినిటీ కాలేజీలో చేరి, 1830లో పట్టా లేకుండానే వెళ్ళిపోయాడు. పేకాటలో పదిహేనువందల పౌన్లు పోగొట్టుకున్నాడు. ఆ సొమ్ము కాజేసింది వృత్తి జూదరులు. దర్జీ కాదు, రొట్టెలవాడు కాదు. తరువాత 1848-50 నడుమ వెలువడిన 'పెండెన్నిస్' నవలలో ఆయన ఒక విద్యార్థి అప్పుల కథ చెప్పాడు. 'ఆక్స్‌బ్రిడ్జి' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది ఆ నవల వల్లనే. థాకరే తన నాయకుణ్ణి పూర్తిగా వెనకేసుకు రాలేదు, ఆ న్యాయం ఆయనకు చేయవలసిందే. ఆ అప్పులు తీర్చడానికి లారా అనే అమ్మాయి తన సొమ్ము ఇవ్వవలసి వచ్చిందని కూడా దాచకుండా చెప్పాడు. అయినా నాయకుడికి ఒక మనసు, ఒక తల్లి, ఒక భవిష్యత్తు ఉన్నాయి. అప్పులవాళ్ళకు అవేవీ లేవు. వాళ్ళొక గుంపు, అంతే.

సరే, సాహిత్యం సంగతి పక్కన పెడదాం. దుకాణదారుడు నిజంగా అంత బలవంతుడా? 1801 జనాభా లెక్కల్లో కేంబ్రిడ్జిలో ఉన్నది పదివేల పైచిలుకు మనుషులు. ఆ చిన్న ఊళ్ళో పెత్తనం ఎవరిదో చూడండి. బజారులో తూకాలనూ కొలతలనూ తనిఖీ చేసే హక్కు ఊరిది కాదు, విశ్వవిద్యాలయానిది. ఊరి మేయరు పదవి చేపట్టేటప్పుడు విశ్వవిద్యాలయపు హక్కులను కాపాడతానని ప్రమాణం చేయాలి. ఈ నియమాలు రద్దు కావడానికి 1856లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. 1845లో రైలు వచ్చింది. దానికి అనుమతిస్తూ అంతకు ముందు సంవత్సరం చేసిన చట్టంలోనే, విశ్వవిద్యాలయం వద్దన్న విద్యార్థిని ఎక్కించుకుంటే కంపెనీకి జరిమానా అని రాయించారు. ఆదివారం పగటిపూట ప్రయాణికులను ఎక్కించినా దించినా జరిమానాయే. రైలు కంపెనీకే దిక్కులేని చోట రొట్టెల దుకాణం ఎంత?

ఇంతకన్నా పెద్ద ఆయుధం ఇంకొకటి ఉంది. దాన్ని వాళ్ళు 'డిస్కమ్యూనింగ్' అనేవారు. మన పల్లెల్లో ఆ మాటకు సరిపోయే మాట ఎప్పటినుంచో ఉంది: వెలి. ఒక వర్తకుణ్ణి విశ్వవిద్యాలయం వెలివేసిందంటే ఇక ఏ విద్యార్థీ ఆ గడప తొక్కరాదు. ఊరంతా కాలేజీల మీద బతుకుతున్నప్పుడు ఈ వెలి అంటే ఆకలే. ఇంతకూ వెలివేయదగిన నేరాలేమిటి? ట్యూటరుకు ముందుగా చెప్పకుండా బాకీ కోసం విద్యార్థి మీద దావా వేయడం అందులో ఒకటి! తన సొమ్ము తాను న్యాయస్థానంలో అడగడమే నేరమైన చోట, దుకాణదారుణ్ణి ప్రలోభపెట్టే రాక్షసుడిగా చిత్రించడానికి ఎంత ధైర్యం కావాలి?

దావా వేశాడనే అనుకుందాం. అక్కడ చట్టం ఎదురు నిలిచేది. ఇరవైయొక్కేళ్ళు నిండనివాడు మైనరు. అతనికి 'అవసరమైన' వస్తువులు అమ్మితే తప్ప బాకీ వసూలు కాదు. 1874 చట్టం తక్కిన సరుకుల ఒప్పందాలను చెల్లనే చెల్లవని తేల్చేసింది. కాలేజీకి వచ్చే కుర్రవాళ్ళలో అధికభాగం పద్దెనిమిది, ఇరవైయొక్కటి నడుమ వాళ్ళేనని గుర్తుంచుకోండి. ఈ చట్టం ఎలా పనిచేసేదో తెలియాలంటే కొద్దిగా ముందుకెళ్ళి 1908 నాటి నాష్, ఇన్‌మన్ తగవు చూడాలి. లండన్ దర్జీ ఒకడు ట్రినిటీ విద్యార్థికి బట్టలు కుట్టి ఇచ్చాడు. వాటిలో రెండేసి గినీల ఖరీదైన షోకు వెయిస్ట్‌కోట్లు పదకొండు. తండ్రి అప్పటికే సరిపడా బట్టలు కుట్టించాడు కనుక ఇవి 'అవసరాలు' కావన్నారు న్యాయమూర్తులు. దర్జీ ఓడిపోయాడు. పదకొండు వెయిస్ట్‌కోట్లు నిజంగానే అనవసరం, కాదనను. కాని వాటిని కావాలన్నవాడు ఎవరు? అక్కర్లేని వెయిస్ట్‌కోటు వేసుకున్న తప్పు ఒకడిది, నష్టం మరొకడిది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పును నేటికీ నవ్వుకుంటూ చదువుతారు. ఆ నవ్వులో కుట్టుకూలి ఎవరికీ వినబడదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. దుకాణదారులు ధర పెంచి అమ్మలేదా? ధనికుల బిడ్డలను వెతికి మరీ అరువివ్వలేదా? అమ్మారు, ఇచ్చారు. వడ్డీవ్యాపారుల్లో జలగలు లేకపోలేదు. అయితే ఆ ధర ఎందుకు పెరిగిందో కూడా చెప్పాలి కదా! పదిమందికి అరువిస్తే ఎందరు తీరుస్తారో తెలియదు, న్యాయస్థానం ఆదుకోదు, ఎండాకాలపు సెలవుల్లో నెలల తరబడి ఊరు ఖాళీ. ఆ భయమంతా సరుకు ధరలో చేరుతుంది. అప్పుడు నష్టపోయేది వెండిబంగారాల అంచు గౌను తొడుక్కున్న ప్రభుపుత్రుడు కాదు. అదే దుకాణంలో రొక్కమిచ్చి కొనుక్కునే పేదవిద్యార్థి, పక్కవీధి కూలివాడు. ఎగవేసినవాడి బాకీని తీర్చినవాడు కట్టాడు. ఇది దుకాణదారుడి దురాశ అంటారా, బాకీదారుడి దురాగతం అంటారా?

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. మనుషుల సంగతి ఇంకా దారుణం. ఆ ఊరి వర్తకమంటే దుకాణాలు మాత్రమే కాదు. బట్టలు కుట్టి, ఉతికి, పక్కలు పరిచి బతికే ఆడవాళ్ళు కూడా. విశ్వవిద్యాలయపు ప్రోక్టర్లు రాత్రివేళ వీధిలో ఏ ఆడమనిషి మీదనైనా అనుమానపడితే పట్టుకుపోయి 'స్పిన్నింగ్ హౌస్'లో పెట్టవచ్చు. విచారణ జరిపేది వైస్ ఛాన్సలరే, తలుపులు మూసుకుని. 1860లో ఎమ్మా కెంప్ అనే కుట్టుపనిచేసే యువతి తోటివారితో కలిసి బండిలో విందుకు పోతుంటే ప్రోక్టర్లు ఆపారు, ఆమె చెరకు పోయింది. వైస్ ఛాన్సలర్ మీద దావా వేసింది. న్యాయమూర్తిగా చేసిన పనికి ఆయన బాధ్యుడు కాడన్నారు. 1891లో డెయిజీ హాప్‌కిన్స్‌కు, పదిహేడేళ్ళ పిల్లకు, పధ్నాలుగు రోజుల శిక్ష వేశారు. నేరం: విశ్వవిద్యాలయ సభ్యుడితో కలిసి నడవడం! అటువంటి నేరమే చట్టంలో లేదని లండన్ న్యాయస్థానం ఆమెను విడిపించింది. 1894లో పార్లమెంటు ఆ అధికారాన్నే తీసేసింది. ఆ నడకలో రెండో మనిషి ఒకడున్నాడు కదా, అతనికి చెర ఏది? అరువు వ్యవహారంలో ఉన్న న్యాయమే ఇక్కడా: గౌనువాడి తప్పుకు ఊరివాళ్ళు వెల కట్టాలి.

ఇందులో ఇంకొక విచిత్రం ఉంది. ఆ చెరసాల పుట్టింది ఒక వర్తకుడి దానంతో. విద్యార్థులకు గుర్రాలు అద్దెకిచ్చి బతికిన థామస్ హాబ్సన్, పేదలకు పని కల్పించే శాల కోసం 1628లో ఆ స్థలమిచ్చాడు. ఊరి వర్తకుడి సొమ్ముతో కట్టినదాన్నే ఊరి ఆడపిల్లలకు జైలు చేశారు.

చెదలపాలు కాని పద్దులు కొన్ని ఉన్నాయి. డార్విన్ 1828లో కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు మొదట బస చేసింది సిడ్నీ వీధిలో ఒక పొగాకు దుకాణం మీది గదిలో. ఆయన చదివిన క్రైస్ట్స్ కాలేజీ ఖాతాపుస్తకాలు 2009లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వాటిలో కిరాణావర్తకుడు, దర్జీ, టోపీలవాడు, మంగలి, చాకలి, బొగ్గులవాడు, పొగగొట్టం శుభ్రం చేసేవాడు, జోళ్ళు మెరుగుపెట్టేవాడు, అంట్లు తోమేవాడు అందరూ ఉన్నారు. రోజూ కూరగాయలకు అదనంగా ఇచ్చిన పెన్నీలు కూడా ఉన్నాయి. పత్రికలు ఆ వార్తను "మహానుభావుడు జోళ్ళు కూడా తుడుచుకోలేదు" అన్న తమాషాగా అచ్చువేశాయి. నాకు మాత్రం ఆ పుటల్లో ఒక మహాశాస్త్రవేత్త తయారు కావడానికి ఎన్ని చేతులు పనిచేశాయో కనబడింది. ఆ చేతుల పేర్లు ఏ విగ్రహం కిందా చెక్కలేదు.

ఇదంతా ఇంగ్లండు గొడవ కదా, మనకెందుకు అంటారేమో. నేను చదివిన కాలేజీ ఎదుట ఒక టిఫిన్ బండి ఉండేది. బండివాడి దగ్గర దారంతో కట్టిన నోటుబుక్కు. అందులో నా పేరుకు ఎదురుగా మిగిలిపోయిన కొద్ది రూపాయల పద్దును నేను తీర్చలేదు. పరీక్షలైపోయాయి, ఊరు మారింది, మరిచిపోయాను. చాలా కాలం దాన్ని మిత్రుల మధ్య సరదా కబురుగా చెప్పేవాణ్ణి కూడా! 2020లో కాలేజీలన్నీ మూతపడి చదువులు ఫోన్లలోకి వెళ్ళినప్పుడు, అటువంటి బండ్లు ఏమైనాయని అడిగినవారెందరు? అప్పుడు నా సరదా కబురు నాకే చేదయింది.

కనుక విద్యార్థి జీవితపు మధురస్మృతులు రాసే మిత్రులకు ఒక మనవి. మీ అల్లరి రాయండి, పద్యాలు రాయండి, ప్రేమలు రాయండి. అరువిచ్చి మిమ్మల్ని మేపినవాణ్ణి మాత్రం హాస్యపాత్ర చేయకండి. ముందు బాకీ తీర్చండి, తరువాత చరిత్ర రాయండి.