నవ్వూ నమ్మకమూ ప్రేమా

క్రైస్తవ విశ్వాసం చుట్టూ అల్లిన సరదా ప్రేమ నవలలకు అమెరికాలో పెద్ద పాఠకలోకమే ఉంది. అక్కడ ఓ వింత తరచూ కనిపిస్తుంది. ఒకే నవల చదివిన ఇద్దరిలో ఒకరు దేవుడి ప్రస్తావన మరీ ఎక్కువైందని పుస్తకం పక్కన పెట్టేస్తారు. ఇంకొకరు దేవుడి ఊసే సరిగా లేదని పెదవి విరుస్తారు. ఇద్దరూ చదివింది అవే పేజీలు, ఇద్దరూ చెప్పింది మనసులో మాటే. పుస్తకం తెరిచేటప్పుడు ఎవరు ఏం కోరుకున్నారన్నదే ఆ తీర్పులను విడదీసింది.

బెథనీ టర్నర్ రాసిన ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ సారా హాలెన్‌బెక్’ ఇందుకు మంచి ఉదాహరణ. రెవెల్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థ 2017లో దాన్ని వెలువరించింది. కథానాయిక సారా విడాకులు తీసుకున్న మనిషి. మారుపేరుతో ఘాటైన శృంగార నవలలు రాసి పేరూ డబ్బూ గడించింది. ఆపైన క్రీస్తును నమ్ముకుంది. ఇక ఆ తరహా రాతలు తన వల్ల కావనుకుంది. సరిగ్గా అప్పుడే బెన్ అనే పాస్టరుగారి మీద మనసు పడింది. నిన్నటిదాకా ఏం రాసిందో సంఘంలో నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనన్న గుబులు ఒకవైపు, పెళ్లికి ముందు హద్దు దాటకూడదన్న నిగ్రహం మరోవైపు. ఇంత ఇరుకున పడ్డ మనిషి తన అవస్థను తానే ఎగతాళి చేసుకుంటుంటే చదివేవారికి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

ఆ నవ్వు దగ్గరే పాఠకులు రెండు జట్లయ్యారు. విశ్వాసులకూ శరీరం ఉంటుంది, ఆకర్షణ ఉంటుంది, దాంతో పెనుగులాటా ఉంటుంది. ఆ సంగతి దాచకుండా చెప్పారని కొందరు మెచ్చుకున్నారు. క్రైస్తవ నవలలో ఇన్ని ముద్దులు, ఇంత తహతహ అవసరమా అని కొందరు నొచ్చుకున్నారు. కథలో సారాకు ఏ చిక్కు వచ్చిందో, అచ్చయ్యాక టర్నర్ పుస్తకానికీ అదే వచ్చింది. ఘాటుకు అలవాటు పడ్డవారికి చప్పగా, చప్పదనం కోరుకున్నవారికి ఘాటుగా తోచింది.

ఈ తరహా రచన నిన్నమొన్న పుట్టింది కాదు. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865-1947) వందకు పైగా నవలలు రాశారు. 1899లో భర్త చనిపోయాక ఇద్దరు కూతుళ్లను పెంచడానికి ఆమె కలాన్నే నమ్ముకున్నారు. ఇప్పుడు మనం చూస్తున్న విపణికి దారి వేసింది మాత్రం జానెట్ ఓక్. కెనడాలోని ఆల్బర్టాలో పుట్టిన ఆమె 1979లో ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ రాశారు. కొత్త నేల వెతుక్కుంటూ పడమటికి బయలుదేరిన మార్టీ అనే అమ్మాయి భర్త దారిలోనే చనిపోతాడు. ఆమె గర్భవతి. తల్లి లేని పసిపిల్లను సాకలేక సతమతమవుతున్న క్లార్క్ పేరుకే పెళ్లి చేసుకుందామంటాడు. నచ్చకపోతే వసంతంలో వెనక్కి వెళ్లేందుకు బండి ఖర్చు తానే పెట్టుకుంటానంటాడు. ఇద్దరు దుఃఖితులు ఒకే ఇంట్లో అపరిచితుల్లా మొదలై ఒకరికొకరు అలవాటు కావడమే కథ. అది లక్షల ప్రతులు అమ్ముడై వరుస నవలలైంది, 2003లో టీవీ చిత్రమైంది. ఇలాంటి పుస్తకాల కోసం ఎదురుచూసేవాళ్లు ఇంతమంది ఉన్నారని ప్రచురణకర్తలకు అప్పుడే తెలిసివచ్చింది. ప్రేమ నవలల వ్యాపారంలో దిగ్గజమైన హార్లెక్విన్ సంస్థ కూడా 1997లో ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ పేరుతో ప్రత్యేక శ్రేణి తెరిచింది. మేరీ కానీలీ వంటివారు వచ్చి పశువుల కాపరులను, మొండి పిల్లలను, పొగరుబోతు గుర్రాలను చేర్చి హాస్యానికి పీట వేశారు.

ఈ పుస్తకాలకు రాసిన నియమాలూ రాయని నియమాలూ చాలా ఉన్నాయి. బూతు మాట ఉండదు. తాగుడును గొప్పగా చూపరు. పెళ్లికి ముందు పడకగది ప్రసక్తి రాదు. వచ్చిందంటే తప్పు చేశామని కుమిలిపోవడానికే. పెళ్లయ్యాక కూడా పాఠకులను గుమ్మం బయటే నిలిపి తలుపు వేసేస్తారు. అందుకే ఈ నవలల మీద వచ్చే అభిప్రాయాల్లో కథ కన్నా ముందు ఈ లెక్క తేలుతుంది. ముద్దు ఎక్కడ ఆగింది, పదమూడేళ్ల కూతురి చేతికి ఇవ్వవచ్చా, అమ్మమ్మకు కానుకగా పంపవచ్చా, చర్చి గ్రంథాలయంలో పెట్టవచ్చా అన్నవే మొదటి ప్రశ్నలు. ఉపవాసమున్న మనిషి కూర రుచి అడిగేముందు అందులో ఉల్లిపాయ పడిందా అని అడగడం లాంటిదే ఇది. సాహిత్య విమర్శకులకు ఇది చిన్నవిషయంగా కనిపించవచ్చు. రోజంతా పనిచేసి అలసి, రాత్రి గంటసేపు నిశ్చింతగా చదువుకోవాలనుకునే మనిషికి ఆ భరోసా చిన్నది కాదు.

అసలైన పరీక్ష మరోచోట ఉంది. విశ్వాసి అవిశ్వాసితో జత కట్టవద్దన్నది అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రికలో చేసిన హెచ్చరిక. దాన్ని పెళ్లి విషయంలో గట్టిగా పాటించే పాఠకులు ఈ నవలలకు ఎక్కువ. కాబట్టి కథానాయకుడికి మొదట్లో దేవుడంటే గిట్టకపోతే, చివరి అధ్యాయం లోపల అతడికి మారుమనస్సు రావాలి. రచయిత్రికి ఇది కత్తిమీద సామే. మార్పు తొందరగా వస్తే పిల్ల కోసం ప్రార్థన నేర్చాడని పాఠకులు ముఖం తిప్పుకుంటారు. ఆలస్యంగా వస్తే ఇంతకాలం ఆ అమ్మాయి అతడితో ఎలా తిరిగిందని నిలదీస్తారు. మార్పుకు కారణం బలంగా చెబుదామని పేజీలకు పేజీలు వాక్యం చెప్పిస్తే ఆదివారం ప్రసంగాన్ని మంగళవారం మళ్లీ విన్నట్టుందంటారు. నిజానికి ఈ ఫిర్యాదులన్నీ ఒక్కటే కోరుతున్నాయి. విశ్వాసం పాత్ర లోపలి నుంచి పుట్టాలి, కథ అవసరానికి అతికించినట్టు ఉండకూడదు. దేవుణ్ని నమ్మని విమర్శకుడు కూడా ఒప్పుకోవలసిన సాహిత్య సూత్రమే ఇది. పాఠకులు దాన్ని సిద్ధాంతాల భాషలో చెప్పలేదంతే.

హాస్యానికీ ఇదే వర్తిస్తుంది. భక్తిని నవ్వులాట చేస్తే నొచ్చుకునే పాఠకులే, భక్తుల చాదస్తాన్ని, సంఘంలో పెద్దమనుషుల పెత్తనాన్ని, పెళ్లికాని పాస్టరుకు సంబంధాలు చూసే ముసలమ్మల హడావిడిని చూపిస్తే హాయిగా నవ్వుకుంటారు. నవ్వించినవారు ఇంటిమనిషి అయితే చాలు. బయటినుంచి వచ్చి వెక్కిరించినవారిని, లోపల కూర్చుని చమత్కరించినవారిని పాఠకులు ఇట్టే గుర్తుపడతారు. తేలికగా రాయడం తేలిక పని కాదన్నది ఇక్కడే బోధపడుతుంది. కన్నీళ్లు పెట్టించడానికి ఒక చావు సరిపోతుంది. నవ్వించడానికి మాట మాటనూ చూసుకోవాలి.

ఇక అభిప్రాయాలు ఎలా తయారవుతాయో కూడా చూడాలి. క్రైస్తవ ప్రచురణ సంస్థలు కొత్త నవల రాకముందే కొందరు పాఠకులకు ఉచిత ప్రతులు పంపి, చదివి మీ మాట రాయమంటాయి. ఉచితంగా పుచ్చుకున్న సంగతి వెల్లడించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. అందుకే చాలా సమీక్షల అడుగున పుస్తకం ఊరికే వచ్చింది, అభిప్రాయం మాత్రం సొంతమేనన్న ముక్క కనిపిస్తుంది. మంచి అలవాటే. అయినా రచయిత్రీ సమీక్షకురాలూ ఒకే విశ్వాసం పంచుకునే చిన్న లోకంలో మొహమాటం ఉండనే ఉంటుంది. బాగాలేదని రాస్తే సోదరిని నొప్పించినట్టవుతుందేమోనన్న జంకు సహజం. ఫలితంగా మెప్పు పుష్కలంగా, విమర్శ చాటుగా వస్తుంటుంది.

పాఠకుల కోరిక పుస్తకం రూపాన్నే మార్చిన సందర్భమూ ఉంది. ఫ్రాన్సీన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ సరదా నవల కాదు. బైబిల్లోని హోషేయ గ్రంథాన్ని కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తెచ్చిన బరువైన కథ. 1991లో సాధారణ పాఠకుల కోసం బాంటమ్ సంస్థ దాన్ని ప్రచురించింది. 1997లో క్రైస్తవ పాఠకుల కోసం సవరించిన ప్రతి మల్ట్నోమా సంస్థ నుంచి వచ్చింది. జనం చేతుల్లో నలిగింది ఆ రెండోదే.

ఇంతవరకూ చెప్పినవన్నీ అభిరుచికి సంబంధించినవి. అభిరుచి దాటిన ప్రశ్న 2021లో ఎదురైంది. టెక్సస్ నేపథ్యంగా చలాకీ ప్రేమకథలు రాసే కారెన్ విట్‌మైర్ నవల ‘ఎట్ లవ్స్ కమాండ్’కు రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం ఆ ఏడాది ఆధ్యాత్మిక ప్రేమ నవలల విభాగంలో వివియన్ పురస్కారం ప్రకటించింది. ఆ సంఘం ఏర్పాటులో పాలుపంచుకున్న నల్లజాతి సంపాదకురాలు వివియన్ స్టీఫెన్స్ పేరిట నెలకొల్పిన పురస్కారమది. నవల మొదట్లోనే ఊండెడ్ నీ ఘటన ఉంది. 1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలో అమెరికా అశ్వికదళం స్త్రీలూ పిల్లలూ సహా వందలాది లకోటా ప్రజలను చంపిన ఘటన అది. ఆ దాడిలో పాల్గొన్న మనిషే ఇందులో కథానాయకుడు. అతడు పశ్చాత్తాపపడ్డాడు, క్షమ కోరాడు, కొత్త జీవితం మొదలుపెట్టాడు. క్రైస్తవ కథకు ఇంతకన్నా సహజమైన దారి ఏముందని నవల అభిమానులు వాదించారు. అంత ఘోరం ఒక ప్రేమకథ నాయకుడికి మెట్టుగా మారడమేమిటని, చనిపోయినవారి పక్షాన క్షమించే అధికారం ఎవరికుందని ఇంకెందరో ప్రశ్నించారు. సంఘం మొదట ఎంపికను సమర్థించుకుంది, కొద్దిరోజులకే పురస్కారాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ వివాదంలో రెండో పక్షం మాటకే బలం ఉంది. క్షమాపణ క్రైస్తవ బోధకు గుండెకాయ అన్న మాట నిజమే. పాపి మారవచ్చన్నదీ నిజమే. కాని నిజంగా చనిపోయిన మనుషులు, నేటికీ బతికి ఉన్న వాళ్ల వారసులు ఆ కథలో నోరులేని నేపథ్యంగా మిగిలిపోకూడదు. సరదా నవల కదా, ఇంత లోతుగా చూడాలా అనే ప్రశ్న ఇక్కడ చెల్లదు. పుస్తకం తనంతట తానే చరిత్ర గుమ్మం తొక్కినప్పుడు చరిత్ర అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందే. ముద్దుల లెక్క ఎవరి అభిరుచి వారిది. చరిత్రకు మాత్రం అందరికీ ఒకటే కొలత.

తెలుగు పాఠకులకు ఈ తగువు కొత్తగా అనిపించదు. యద్దనపూడి సులోచనారాణి నవలలను లక్షలాది మంది ఆరాధిస్తే, పగటికలలని కొట్టిపారేసిన విమర్శకులూ ఉన్నారు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, గంభీరమైన భక్తి రచనకు ఆ గౌరవం సులువుగానే దక్కుతుంది, సరదాగా రాసినదానికి అంత సులువు కాదు. అయినా దైవం, ప్రేమ, హాస్యం ఒక్కచోట ఇమడవన్న మాటను మనం నమ్మనక్కర్లేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అలకను చూసి నవ్వుకున్న ప్రేక్షకులే భక్తితో చేతులూ జోడించారు. రామదాసు తన దేవుణ్ని నిలదీసి తిట్టినా భక్తి తగ్గలేదు. చనువు ఉన్నచోటే చమత్కారం పండుతుంది.

తేలికపాటి పుస్తకాన్ని తక్కువ చూపు చూడటం ఎంత పొరపాటో, తేలికపాటిది కదా అని దాన్ని విమర్శ నుంచి మినహాయించడం అంతే పొరపాటు. నవ్వించానన్న పుస్తకాన్ని నవ్వించిందా అని అడగాలి. నమ్మకం గురించి చెప్పిన పుస్తకాన్ని ఆ నమ్మకం పాత్ర బతుకులోంచి వచ్చిందా అని అడగాలి. నిజంగా జరిగిన దుఃఖాన్ని వాడుకున్న పుస్తకాన్ని ఎవరి అనుమతితో వాడుకున్నావని అడగాలి. ఆ మూడూ అడిగే హక్కు ఆచార్యులకు ఎంత ఉందో, పడుకునేముందు పది పేజీలు చదివే ఇల్లాలికీ అంతే ఉంది.

అభిప్రాయం రాసే పాఠకులకు ఒక్క మనవి. మార్కులు వేసి ఊరుకోకండి. ఆ పుస్తకం దగ్గరికి ఏం కోరుకుని వెళ్లారో ఒక వాక్యం, ఏం దొరికిందో ఒక వాక్యం రాయండి. మీకు నచ్చకపోతే ఎవరికి నచ్చవచ్చో కూడా చెప్పండి. రచయితకు మేలు చేసేదీ, తర్వాతి పాఠకుడికి దారి చూపేదీ ఆ మూడు వాక్యాలే.