ఉప్పు టీ

గుంటూరులో పుట్టి పెరిగిన నాకు చలంటే, డిసెంబరులో క్యారల్స్‌కి వెళ్లేటప్పుడు కప్పుకునే శాలువా. అంతే. అలాంటిది రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో మా చర్చి తరఫున ఆరుగురం ఆడవాళ్లం మంగోలియా వెళ్లాం. ఉలాన్‌బాతర్‌లో దిగిన రోజు పొద్దున మైనస్ 27 డిగ్రీలు. ఊపిరి పీలిస్తే ముక్కులో ముళ్లు గుచ్చుకున్నట్టుంది.

ఆ ఊరి చుట్టూ కొండవాలుల్లో చాలామంది గెర్‌లలో ఉంటారు. చెక్క చట్రం మీద గొర్రె ఉన్నితో చేసిన మందపాటి కంబళ్లు కప్పిన గుండ్రటి ఇళ్లవి. నడిమధ్య పొయ్యి. కుళాయి ఉండదు. నీళ్లు కొనుక్కుని డబ్బాల్లో లాక్కెళ్లాలి. వాళ్లకి దుప్పట్లు పంచడం మా పని.

ఒక ఇంట్లో పెద్దావిడకి దుప్పటి ఇవ్వబోయాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ముందు నా చేతులు పట్టుకుంది. కొయ్యబారిపోయిన నా వేళ్లని తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. నేను తెచ్చిన దుప్పటి నాకే కప్పింది! తర్వాత గిన్నెతో పాల టీ ఇచ్చింది. లేనివాళ్లింట్లో తాగడమెందుకని "వద్దమ్మా" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మాతో వచ్చిన దుబాసీ అమ్మాయి, "ఇక్కడ ఇంటికొచ్చినవాళ్లకి మొదట టీ ఇస్తారు. కాస్తయినా నోట పెట్టుకోండి" అంది మెల్లిగా. తాగాను. ఉప్పు టీ! నా మొహం చూసి ఆవిడ పకపకా నవ్వింది, నేనూ నవ్వాను.

వాళ్ల కొత్త సంవత్సరం, త్సగాన్ సార్ దగ్గర్లోనే ఉంది. ఆ పండక్కి మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే 'బూజ్'లు వందల్లో చేసుకుంటారు. పేరు వినగానే నాకు మా అటక గుర్తొచ్చిందనుకోండి! కూర్చుని నాలుగు చేశాను, కజ్జికాయ అంచు మడిచినట్టు. ఆవిడ నా చెయ్యి తట్టి ఇంకో పిండిముద్ద ఇచ్చింది. ఒకరి మాట ఒకరికి రాదు. గంటసేపు అలా చేస్తూనే ఉన్నాం.

తిరిగొచ్చాక చర్చిలో ఎన్ని దుప్పట్లు పంచారని అడిగారు. ఎవరింట్లో టీ తాగారని ఎవరూ అడగలేదు. సాయం చెయ్యడం తప్పని నేననను. ఆ చలిలో దుప్పటి అవసరమే. కానీ ఎప్పుడూ మన చెయ్యే పైన ఉండాలనుకుంటే స్నేహం కుదరదు. ఎదుటివాళ్లు పెట్టింది తిన్నప్పుడే వాళ్లు మనకి సమానమవుతారు.

ఇది మంగోలియా దాకా వెళ్లి తెలుసుకోవాలా? మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమెకి చీరలిచ్చాను, మందులు కొనిచ్చాను. ఏటా సంక్రాంతికి ఆమె తెచ్చే అరిసెలు మాత్రం వాచ్‌మన్‌కి ఇచ్చేసేదాన్ని. నూనె ఎలాంటిదో అని.

మొన్న సంక్రాంతికి ఆమె ముందే ఒకటి తిన్నాను. "బెల్లం కాస్త ముదురుపాకమైందమ్మా" అంది సిగ్గుపడుతూ. నిజమే, గట్టిగానే ఉంది. ఇంకోటి అడిగి తీసుకున్నాను.